వెలితి పీపా

ఏడాదికి రెండుసార్లు
గొట్టాలూ బుడ్డి సీసాలూ ఉన్న పెట్టె పట్టుకుని
అన్సెల్మ్ వియోమ్ నేలమాళిగలోకి దిగుతాను.
పన్నెండు మెట్లు. తొమ్మిదోది వదులు.
ఆయన ప్రతిసారీ "తొమ్మిది" అంటాడు,
ప్రతిసారీ నేను తడబడతాను.

నా పని చిన్నది.
పీపా పీపాకీ ఓ గుక్కెడు తీసి
పులుపెంత చేరిందో అంకె చెప్పడం.
ఆయన పని ఇంకా చిన్నది:
ఆరేళ్ళ మూడు నెలలు
చెయ్యి పెట్టకుండా ఉండటం.

నిండుకుండ తొణకదన్న మాట
ఈ జురా కొండల్లో చెల్లదు.
ఇక్కడ ఆవిరైనంతా పోనివ్వాలి,
తగ్గింది కదా అని మళ్ళీ నింపకూడదు.
ఆ వెలితి కింద, వైన్ మీద,
మీగడలా ఓ పొర కడుతుంది.
బూడిదరంగుది, ముడతలది,
ఊదితే చిరిగేది. కాపలా అంతా దానిదే.
దాని చాటున సవన్యా ద్రాక్ష
తన పచ్చి రోషం మరిచి
అక్రోటు వాసన నేర్చుకుంటుంది.
లీటరు పోస్తే చివరికి మిగిలేది
అరవై రెండు సెంటీలీటర్లు.
సీసా కూడా సరిగ్గా అంతే,
పొట్టి మెడ, బండ భుజాలు,
సంతలో బేరానికి నిలబడ్డ రైతులా.

ఈ మార్చిలో పద్నాలుగో పీపా దగ్గర
ఆయన దీపం కొంచెం దించాడు.
సుద్దతో ఒక్క మాట దాని మీద: మంచు.

నాకు తెలుసు. ఊరందరికీ తెలుసు.
నాలుగేళ్ళ కిందటి ఏప్రిల్,
చిగుళ్ళు ఎలుకచెవులంత ఉన్న రాత్రి
వాలు పొడవునా మైనం బకెట్లు వెలిగించారు.
కొడుకు బాస్తియాన్, కోడలు మెలిసాంద్,
జున్ను సంఘంలో లెక్కలు రాసే ఓర్తాన్స్,
పైజమాల మీద కోట్లు తొడుక్కుని.
తెల్లారేసరికి మంటలున్నాయి,
చిగుళ్ళు లేవు.
ఆ అక్టోబరులో పదకొండు ఎకరాలూ వెతికి కోస్తే
నిండింది ఈ ఒక్కటే.

గొట్టం దించాను. పొరలో సన్నటి చిరుగు.
గ్లాసులో రంగు బాగానే ఉంది.
ముక్కుకి అక్కడే తెలిసిపోయింది.
నోరు తెరవబోయాను.
"ముందు భోజనం" అన్నాడు.

మోర్తో సాసేజి, దానికి పూల్సార్,
ఉతికి ఉతికి వెలిసిన ఎరుపు.
తర్వాత మీగడలో ఉడికిన కోడి,
తేనెపట్టు ముక్కల్లాంటి మొరెల్ పుట్టగొడుగులు,
పసుపు వైన్ గిన్నెలోకి ఓ గరిటె, మనిషికో గ్లాసు.
చివర్లో రెండేళ్ళ కోంతే జున్ను,
పంటి కింద ఉప్పు పలుకులు.
"జున్ను నోట్లో ఉండగానే గుక్క వెయ్యి,
ముందూ కాదు, వెనకా కాదు."
పదిహేడేళ్ళుగా చెబుతున్నాడు.
పదిహేడేళ్ళుగా, మొదటిసారి విన్నట్టే
తలాడిస్తున్నాను.

"ఇప్పుడు చెప్పు."
"పద్నాలుగు పులిసింది."

మెలిసాంద్ రొట్టె పొడినంతా
అరచేత్తో ఓ చోటికి ఊడ్చింది.
"అప్పుడే నింపి, మామూలు తెల్ల వైన్‌గా
అమ్మేసి ఉంటే..." బాస్తియాన్ ఆగిపోయాడు.
అది నాలుగేళ్ళుగా అతని గొంతులో ఉన్న మాటని
బల్ల దగ్గరున్న అందరికీ తెలుసు.

పెద్దాయన లేచి, కత్తి తీసుకుని బయటికెళ్ళాడు.
ఎవరూ వెంట వెళ్ళలేదు.
తిరిగొచ్చేసరికి చేతిలో
తీగల వరుసల మధ్య పెరికిన పిసాన్లి ఆకు,
వేళ్ళకి నీలి బంకమట్టి.
కడిగాడు. వేడి పందికొవ్వు ముక్కలు చల్లాడు.
"నీ సీసాలో ఏమైనా మిగిలిందా?"
పరీక్షకి కావలసింది ఉంచుకుని
మిగతా ఇచ్చాను. నియమానికి విరుద్ధం.
ఆకు మీద ఆ మంచు ఏడాదిని పోశాడు.

చేదు, పులుపు, కొవ్వు.
చాలాసేపు నమిలాడు.
ఆ రాత్రికి ఏ వంటకం సరిపోతుందో
ఇంతకాలం ఎవరికీ తట్టలేదు.
గిన్నె కొడుకు వైపు జరిపాడు.
బాస్తియాన్ వేళ్ళతోనే తిన్నాడు,
గిన్నె అడుగు రొట్టెతో తుడిచాడు.

మర్నాడు ల్యాబులో అంకె వచ్చింది,
నా ముక్కు చెప్పినదే.
రిమార్కుల గడిలో
"లేత చేదాకుతో కుదిరింది" అని రాసి,
కొట్టేసి,
మళ్ళీ రాశాను.