చూసుడు మూడు తీర్లు

సిరొంచల దీపాలు పెట్టే యాళ్లకు
మా అరుగు మీద ఏడుగురు పిల్లలు.
దహావీ పరీక్షకు ఇంక ఇరవై రోజులు.
బడిల మరాఠీ, ఇంట్ల తెలుగు,
జైనికైతే ఇంట్ల మాడియా.
ఇంగ్లీషు ఎవరింట్లనూ లేదు,
నా చేతిల సుద్దముక్కల తప్ప.

ఇయ్యాల మూడు క్రియలు.
గోడకు నల్లరంగు పూసిన జాగల రాసిన:
సీ. లుక్. వాచ్.
మూడింటికీ ఒక్కటే అర్థం రాసుకున్నరు,
చూడు, చూడు, చూడు అని
కాపీల నిలువుగ, కూలి లెక్కలెక్క.

కాదురా అన్న.
తలెత్తంగనే కంట్ల పడ్డది సీ,
దానికి నువ్వేం చెయ్యలే, అదే వచ్చింది.
మెడ తిప్పి, కావాలని చూపు పెడితే లుక్.
పెట్టిన చూపు తియ్యకుండ
ఏమైతదో అని ఆడ్నే కట్టేస్తే వాచ్.
నాకు చిన్నప్పుడు ఎవరూ ఇట్ల చెప్పలే,
బట్టీ కొట్టి పాసైన.

"అయితే సీ అంటే కనబడుడు గద సార్,
మనకు ముందే ఉన్నది" అన్నడు ఎనక నుంచి ఒకడు.
ఔను, ఉన్నది.
ఇరవై ఏండ్ల సంది పాఠం చెప్తున్న,
నాకే కనబడలే.

అదే ఊపుల ఇంకోటి చెప్పిన.
అవతలి ఒడ్డు మైకు వద్దన్నా వినబడ్తది: హియర్.
నా మాట చెవి పెట్టి వినాలె: లిసన్.
ఇద్దరు కునుకుతున్నరు.

బారోకూ లెండ్‌కూ చెయ్యి చూపెట్టిన.
అరచెయ్యి మీదికుంటే బారో,
బోర్ల తిప్పితే లెండ్.
మనం రెండిటికీ చేబదులే అంటం.
తవ్వెడు బియ్యం బదులు తెస్తం,
తవ్వెడు బియ్యం బదులిస్తం.
విలాస్ తన చెయ్యి అటు తిప్పి, ఇటు తిప్పి చూసుకున్నడు.
"మా ఇంటికి ఒక్కటి చాలు సార్" అన్నడు.
ఏదో నేనడగలే.

వేర్ కాడ జైని నిలబడ్డది.
"మీ తెలుగుల చీర కట్టుకుంటరు, అంగీ తొడుక్కుంటరు,
చెప్పులేసుకుంటరు, అద్దాలు పెట్టుకుంటరు,
పూలు ముడుసుకుంటరు.
గివన్ని నేర్సుకోను నాకు రెండేండ్లు పట్టింది.
ఇంగ్లీషుల అన్నిటికీ ఇదొక్కటేనా?"
ఒక్కటే.
"మరి ముందుగాల గదే నేర్పకపోయిరి" అని
కోపంగ కూసున్నది.

పోయేటప్పుడు తలా ఒక జిరాక్స్ కాయితం ఇచ్చిన.
ఖాళీలల్ల ఏడోది:
ఆమె రాత్రంతా డాష్ అట్ ద రివర్.
పెద్ద కష్టం లేదు. అట్ ఉన్నది గనుక లుక్.
లుక్కు పడవసొంటిది, అట్ అనే గూటానికి కట్టాలె.
వాచ్‌కు గూటం అక్కెర లేదు, నేరుగ నీళ్లల్లకే.
ఇదీ చెప్పిన, మర్సిపోకుండ్రి అని.

మొన్న భాద్రపదంల ప్రాణహిత ఎక్కినప్పుడు
విలాస్ నాయిన అవతల్నే చిక్కిండు.
వాళ్లమ్మ రెండు రాత్రులు ఒడ్డు మీద
టార్చి పట్టుకొని కూసున్నది,
సెల్లులు అయిపోయినంక ఉత్తగ కూసున్నది.
మూడోనాడు మనిషి వచ్చిండు.
పడవ రాలే.
ఈ సంగతి ఊరందరికీ ఎరికే,
కాయితం తయారు చేసేటప్పుడు
నా మతిల లేదు.

తెల్లారి దిద్దుతున్న.
ఐదుగురు లుక్డ్ రాసిండ్రు, ఠీక్.
జైని సా అని రాసింది, గుండ్రం చుట్టిన.
విలాస్ వాచ్డ్ అని రాసిండు.
తప్పు గీయబోయి కలం ఆపిన.
అచ్చైన ప్రశ్నల అట్‌ను కొట్టేసిండు,
రూలుకర్ర పెట్టి, సాపుగ, రెండు గీతలు.

జవాబుకు తగ్గట్టు ప్రశ్నను దిద్దిండు.
బోర్డోళ్లు దీనికి మార్కెయ్యరు.
ఎర్రకలానికి మూత పెట్టి
వేరే కాయితం తీసిన,
మళ్ల దీని కాడికే వచ్చిన.

చూస్తున్న.
ఏ చూసుడో అడగకుండ్రి.