తోక చక్రం

రస్ అల్ ఖైమా. చవిటినేల అంచున చిన్న రన్‌వే.
తెల్లారకముందే గాలిసంచి నిండింది,
షమాల్, అడ్డంగా.

ఈ విమానం నేలమీద ముక్కు పైకెత్తి కూర్చుంటుంది,
ఎదుట ఇంజనే తప్ప దారి కనపడదు.
పాములా వంకర్లు తిరుగుతూ పోవాలి,
కుడివైపు కాస్త, ఎడమవైపు కాస్త,
మధ్యలోది ఊహించుకోవాలి.

ఇవాళ వెనక సీటు నాది.
ముందు కూర్చున్నది నాకు నేర్పిన జాసిమ్ అల్ షెహ్హీ.
"నేనిప్పుడు కొత్త కుర్రాణ్ణి, కృబామణీ.
తప్పులు చేస్తా" అన్నాడు.
నా పేరులో పకారం అతని నాలుక మీద ఎన్నడూ నిలవదు.
నాకు కనిపించేదల్లా అతని మెడ,
నెరిసిన జుట్టు కింద ఎండకు కమిలిన మడత.

చక్రాలు తాకగానే పెడళ్ల మీద నిద్ర నటించాడు.
తలను దాటిపోవాలని విమానం తోక జాడించింది.
"తోక జాడించకే" అని నన్ను తిట్టిన రేపల్లె పెద్దమ్మకు
చెప్పాలి, ఇప్పుడదే నా చదువని.

తొక్కేశాను.
"తొందరపడ్డావు.
తప్పు పుట్టకముందే దిద్దేస్తే
వాడి కాళ్లకు ఏం తెలుస్తుంది?"

మళ్లీ ఎగిరాం. మళ్లీ.
మడ అడవి మీదుగా తిరిగొచ్చిన ప్రతిసారీ
నా బూట్లకూ పెడళ్లకూ మధ్య వెంట్రుకవాసి ఖాళీ.
నేర్చుకోవలసిందంతా అందులోనే ఉందట.
ఇంకా కాదు. ఇంకా కాదు.
ఇసుక అంచు కిటికీలోకి వచ్చేస్తోంది. ఇంకా

ఏడోసారి తిన్నగా ఆగింది.
ఎవరి పాదం కదిలిందో
అతను చెప్పలేదు, నేను అడగలేదు.

హాంగర్ నీడలో కరక్ చాయ్.
బల్ల కింద నా కాళ్లు ఇంకా ఎడమ, కుడి, ఎడమ.
జాసిమ్ చూసి
తన గ్లాసు కాస్త పక్కకు జరుపుకున్నాడు.