ఏడో నంబరు పంపు

మీట ఒకప్పుడు ఈడనే ఉండేది.
ఎర్రగ, మోచెయ్యంత పొడుగు,
పట్టి పట్టి నడుమ రంగు పోయి ఇనుము తేలినది.
మురాద్ బలోచి గోడకు చెవి ఆనిచ్చి
పంపు దగ్గుతున్నదో, ఊపిరి తీస్తున్నదో చెప్పేటోడు.
ఎవలనూ అడిగేటోడు కాదు.
అడుగుడెందుకు, కాళ్లకాడ నీళ్లుంటే.

పోయినేడు కొత్త ఇంజనీర్లొచ్చి
మీటకు తాళం ఏసిన్రు.
బటన్ మస్కట్‌ల ఉన్నదన్నరు,
సోహార్‌కు రెండువందల కిలోమీటర్ల అవుతల,
ఏసీ గదిల, గోడంత తెర ముంగట.
"పంపులన్నీ ఒక్క కంటికి కనబడతయి."
మంచిదే అనుకున్న.
నాకు కనబడేటియి నా చెప్పులే గద.
మురాద్ నౌకరి ఇడిసి పోతా పోతా
పాత తాళంచెవి నా చేతుల వెట్టిండు.
మొలతాడుకు కట్టుకున్న.

మార్చిల ఒక రాత్రి వాన.
ఈడి మన్నుకు వాన తాగుడు రాదు,
ఎండిన వాగుకు ఎటు పోవాల్నో మతికి లేదు,
క్యాంపు మీదికే వచ్చింది.
ఫోన్ జేసిన.
"టికెట్ నంబరు?"
చెప్పిన.
"మా తెర మీద నీ ట్యాంకు సగమే ఉన్నది."
నీళ్లు మోకాలు దాటినయి.
"సూపర్‌వైజర్ లేడు, లైన్ల ఉండు."
లైన్ల ఉన్న. ఏదో వాయిద్యం మోగుతనే ఉన్నది.
మంచాల కిందికెల్లి రబ్బరు చెప్పులు
ఒక్కొక్కటే బయలెల్లినయి
ఎవల ఆర్డరూ లేకుండనే.

మొలతాడు ముడి ఇప్పిన.

నీళ్లు గుటగుట దిగినయి.
నేపాలోళ్లు, బంగ్లోళ్లు, మన లస్మన్న
తడి బట్టలతోనే ఎగిరిన్రు.
ఒక గంటసేపు నేనే మస్కట్‌ను.

తెల్లారి ఎనిమిదో నంబరు కాడికి పోయిన.
గంగనర్సు బియ్యం ఆరబోస్తున్నడు, ముద్దలు ముద్దలు.
నేను తోలిన నీళ్లన్నీ ఆయన గదిల వడ్డయి.
పాస్‌పోర్టు నకలు, బిడ్డ బడి ఫోటో,
సగం రాసిన లీవు దరఖాస్తు
తాడు మీద క్లిప్పులకు ఊగుతున్నయి.
మస్కట్‌ను ఒక్క మాట అనలే.
"పక్కకే ఉన్న గదనే," అన్నడు,
"ఒక్క రింగియ్యకపోతివి."

మెమో వచ్చింది. అండ్ల ఒక గడి:
నిర్ణయం ఎవరిది?
నా పేరు రాసిన.
మూడు దినాల జీతం పోయింది, పోనీ.
గంగనర్సు మాటే పోతలేదు.

తాళం మార్చిన్రు.
కొత్త తాళంచెవి మా చేతులకు ఎట్లొచ్చిందో అడగకు.
ఆరుల చోటేలాల్, ఏడుల నేను,
ఎనిమిదిల గంగనర్సు, తొమ్మిదిల కుంజుమోన్,
మా నడుమ ఒక లెక్క ఉన్నది, ఏ కాయితంల లేనిది.
ఒక మిస్డ్ కాల్: నీళ్లు ఇడుస్తున్న.
రెండు: ఆగు, నా కాడ నిండింది.
మూడంటే ఏందో ఇంకా అనుకోలే.

మొన్న రాత్రి మబ్బు వట్టింది.
ఒక రింగిచ్చిన గంగనర్సుకు.
కొంచెమాగి నా ఫోన్ మోగింది,
ఒక్కసారి మోగి ఊకున్నది.
చెయ్యి మొలతాడు మీద వెట్టి
రెండోదాని కోసం నిలవడ్డ.