కాయ్ అంటే

బడిల మొదటి దినం
కుంభారే బాయి నా ముందర నిలబడి
"కాయ్?" అన్నది.
పిడికిట్ల దాసుకున్న చింతకాయ సంగతి
ఈమెకెట్ల తెలిసిందో అని
భయపడి ఇచ్చేసిన.
ఆమె దాన్ని కొరికి, ఒక కన్ను మూసి,
"నావ్ కాయ్?" అని మల్ల అడిగింది.
నావ ప్రాణహిత రేవుల ఉంటది.
అండ్ల ఏం కాయలున్నయో
నాకెట్ల తెలుస్తది?

పంతులమ్మను బాయి అనాలట.
మా ఇంటెనక బాయిల తాబేలుండె,
తొంగి సూస్తే అమ్మ వీపు మీద ఒకటేసేది.
అందుకే ఏడాది దాక
బాయి దగ్గరికి పోలే.

ఎలుక బొమ్మ సూపి "ఉందీర్" అంటే
"ఏముందిరా?" అని ఓదెలు అరిసిండు.
మేం నవ్వినం. బాయి గూడ నవ్వింది,
ఎందుకో తెల్వకుంటనే.
తర్వాత మమ్ముల అడిగి అడిగి
ఒక సిన్న నోటుబుక్కుల ఆ మాట రాసుకున్నది.
భండారా నుంచి వచ్చిన మనిషి,
సాయంత్రాలు ఒక్కతే కూసుండి
మా మాటలు ఒత్తిగిలి పలికేది.

"మీ" అంటే "నేను" అట.
ఇంట్ల పెద్దోళ్లకు పెట్టే మాట
బడిల నాకు నేనే పెట్టుకోవాలె.
"మీ జాతే" అని రాసిన ప్రతిసారి
ఎవలో పెద్దమనిషిని లేపి
ఆ జాగల నేను కూసున్నట్టుండేది.

ఎనుక బల్ల మీద మాడియా పిల్ల, మాసే.
మాకు మరాఠీ ఒక్కటే అవతలి ఒడ్డు,
ఆమెకు మా తెలుగు గూడ ఏరే.
నా మొఖం సూసి తెలుగు పట్టుకునేది,
తెలుగు పట్టుకొని బాయి మాటలకు చెయ్యి సాపేది.
ఒకనాడు హాజరీల ఆమె పేరు పిలిస్తే
బడి మొత్తం పడి పడి నవ్వింది.
మరాఠీల మాసే అంటే చేపలు.
నేను గూడ నవ్విన.
నాకు మరాఠీ వచ్చిందని
అట్ల తెలిసింది నాకు.
దీవాళి సెలవులైనంక
ఎనుక బల్ల ఖాళీగ ఉండె.

పన్నెండు దాక సదివిన.
సిరొంచ దవాఖానల రిజిస్టరు రాస్త.
వంతెన పడ్డంక ఒకపారి అవతలికి పోయి
బస్సు ముందర నిలబడి అడిగిన:
"ఇదేడికి పోతదన్నా?"
"గంతంత అక్షరాలున్నయి, సదువు రాదా?"
అమ్మ భాషల అడిగిండు.
అమ్మ భాషలనే సిగ్గుపడ్డ.

అప్పటి సంది బస్సులే నా పలకలు.
కాటారం బస్సు "కా" ఇచ్చింది.
"హా" కోసం మహాదేవపూర్ బస్సెనక
దుమ్ముల ఉరికిన.
"ళ" కాళేశ్వరంల దొరికింది,
"శాళా, శాళా" అని బాయి
నా నాలుకను ఎనక్కి మడిపించిన ళ.
సప్పుడు పాతదే, వంకరే కొత్త.
నలభై ఏండ్ల చెయ్యి
అక్షరం రాసుడు అయిపోంగనే
పైన అడ్డంగ గీత గీస్తది.
"అమ్మా, తలకట్టుండంగ
మల్ల ఈ రేకులెందుకే?" అంటది నా బిడ్డ.

మొన్న సూదుల దినం.
తల ఎత్తకుంట, వరుసల నిలబడ్డామెను
"నావ్ కాయ్?" అని అడిగిన.
జవాబు లేదు.
మల్ల అడిగిన.
"ఈపారి చింతకాయ తేలేదక్కా"
అన్నది తెలుగుల.

తల ఎత్తిన.
చంకల మనుమరాలు,
నుదుటి మీద పచ్చబొట్టు, అవే కండ్లు.
రిజిస్టర్ల పేరు రాస్తున్న.
మా, తర్వాత సే.
రాసినంత సేపు
ఆమె కాయితం దిక్కు సూడలే,
నా మూతి దిక్కే సూసింది.