చేతులకు సెలవు

కాజీపేట రైల్వే గ్రౌండుల
ఇన్నయ్య సారు మొదటి మాట:
"ఈడ చేతులకు సెలవు."

మాకు నవ్వొచ్చింది.
చేతులకు సెలవంటే ఏందో
మా వాడకట్టుల ఎవలకు తెల్వది.
పొద్దుగాల తునికాకు కత్తిరించి,
పగటీలి తంబాకు నింపి,
దారం సుట్టి సుట్టి
గోర్లు పచ్చవడ్డ పిల్లలం.

"తల, ఛాతి, తొడ, మోకాలు
దేనితోనన్న ఆడుండ్రి.
సంక కాడికెల్లి వేళ్ల కొస దాకా
మీకు లేనట్టే."

పదకొండు మందిమి ఉండాలె.
బీడీ కార్ఖాన్ల గంపలప్పజెప్పే రోజు
ఎనమండుగురమే వచ్చినం.
"ఏడుగురున్నా ఆట నడుస్తది" అన్నడు సారు,
"ఆరుగురైతెనే ఇంటికి పోవుడు."
ఆ మాట నాకు మస్తు నచ్చింది.
మా ఇంట్ల ఒక్కరు తక్కువైతె
ఆ రోజు లెక్కంత ఆగమైతది.

ఆఫ్‌సైడ్ అంటె ఏంది సారు?

ఆయన పాయింట్స్‌మన్.
నూనె మరక పోని వేలితోని
ఔటర్ సిగ్నల్ దిక్కు చూపెట్టిండు.
"రెక్క వాలకముందే బండి స్టేషన్ల చొర్రదు.
మనోళ్ల కాలి నుంచి బంతి ఇడిసినప్పుడు
నీకూ గోలుకూ నడుమ
వాళ్లల్ల ఇద్దరన్న ఉండాలె,
కీపర్‌ను కలుపుకొని ఇద్దరు.
లేకుంటె బంతికి ఎనుకనన్న ఉండు.
నీ దగ్గరికి బంతి ఎప్పుడొచ్చిందని కాదు,
ఎప్పుడు బయలెల్లిందని చూస్తరు."

షహనాజ్‌కు సమజ్ గాలే.
నాకూ గాలే.
అటు కట్ట మీద గూడ్సుబండి
అర్ధగంటసేపు కూతవెట్టుకుంట నిలవడ్డది.
"సూసిండ్రా, ఆగుడు గుడ ఆటనే" అన్నడు.

బంతి పక్కగీత దాటితె మాత్రం
చేతులకు పని.
రెండు కాళ్లు నేల మీద,
రెండు చేతులు నెత్తి ఎనుకకెల్లి నెత్తి మీదికి.
ఒకలకు కాలు లేస్తది, ఒకలకు ఒంటి చెయ్యి పడ్తది.
ఈల. మళ్ల ఈల. మళ్ల.

గడ్డిమోపుతోని పోతున్న మా చిన్నమ్మ ఓదెమ్మ
మోపు దించి, కొంగు చెక్కి,
"ఇటు తేండ్రే" అన్నది.
నెత్తి మీదికెల్లి ఇసిరితె
బంతి గిర్రున పోయి, ఎవలకూ తాకకుంట
సీదా గోల్ల పడ్డది.

మేం ఎగిరినం.
"గోల్ కాదు" అన్నడు సారు.
"ఎందుకు కాదు?"
"చేత్తోని ఇసిరింది సీదా పోతె లెక్కకు రాదమ్మా.
నడుమ ఎవలన్న ముట్టాలె."
చిన్నమ్మ మోపెత్తుకున్నది.
"చేతుల కష్టం లెక్కకు రాదని
మాకు కొత్తగ చెప్తున్నవా సారూ."

సారు ఆ రోజు ఇంకో రూల్ చెప్పలే.

నన్ను గోల్ల నిలవెట్టిండ్రు.
సున్నం గీసిన పెట్టె లోపట
అందరిల నాకొక్కదానికే చేతులు!

హన్మకొండ హాస్టలోళ్లతోని మ్యాచ్.
బంతి వచ్చి గీత మీద ఆగింది.
సగం లోపట, సగం బయట.
వాళ్లు గోల్ గోల్ అని ఒర్లిండ్రు.
మేకలు తొక్కిన గీతను సారు వంగి చూసిండు.
"మొత్తం బంతి మొత్తం గీత దాటాలె.
ఇంక దాటలే."
రెండోసారి మొత్తమే దాటింది.
నా వేళ్లు తాకినయ్, ఆపలే.
దుమ్ముల పండుకొని చూస్తున్న,
తంబాకు వాసన కొట్టే ఉత్త చేతులను.

"లెవ్వు బిడ్డా. గోల్ పడ్డోళ్లే
మళ్ల ఆట మొదలువెట్టాలె. రూల్ అది."

షహనాజ్ బంతిని సంకల పెట్టుకొని
నడిమి సుక్క కాడికి పోయింది.
గోడ పొంటి నిలవడ్డ చిన్నమ్మ
ఒక్కతీరుగ మొత్తుకుంటున్నది:
"ఏయ్, బంతిని గీ గీత దాటియ్యుండ్రే,
నేనిసురుత! ఈసారి
ఎవలన్న ముట్టుండ్రి!"