పొడి ఒంటి మీద, రాత్రి పూట

అతను గాజుబల్ల మీద మోచేతులు ఆన్చలేదు.
చేతులు రెండూ ఒంటికి అదుముకుని నిలబడ్డాడు
చంకల్లో దొంగసొత్తేదో దాచినవాడిలా.
"అన్నిటికన్నా గట్టిది ఇవ్వు, మనాంగ్.
చెమటని చంపేసేది."

సెబూలో, కార్బన్ మార్కెట్ వెనక సందులో
రాత్రి పదకొండు దాటాక మందుల షాపులో ఒక్కదాన్నే.
దగ్గుకీ, అజీర్తికీ, నెల తప్పిన భయానికీ
ముఖం చూసి పెట్టె అందివ్వగలను.
ఇతన్ని మాత్రం అడగాల్సి వచ్చింది:
నీ గొడవ తడితోనా, వాసనతోనా?

తెల్లబోయాడు. రెండూ ఒకటి కాదా?

కాదు నాయనా.
పుట్టినప్పుడు చెమట నీళ్లంత అమాయకం.
ఎండకి వీపు మీద కారేది ఉప్పునీరు,
ఒంటిని చల్లార్చే పని మీద వచ్చి ఆరిపోతుంది.
చంకలో ఊరేది కాస్త చిక్కన.
అక్కడ కాపురమున్న కంటికానని జనం
దాన్ని విందు చేసుకుని వదిలిన ఎంగిలి
నువ్వు మోస్తున్న ఈ వాసన.
డియోడరెంట్ ఆ జనాన్ని పలచన చేసి
మిగిలినదాని మీద పూలు చల్లుతుంది. తడి తడిగానే ఉంటుంది.
యాంటీపెర్స్పిరెంట్ వేరు. అందులో అల్యూమినియం ఉప్పు
చెమట రంధ్రం మూతికి బిరడాలా కూర్చుంటుంది,
అదీ కొన్నాళ్లే.
చంపడం మాత్రం ఏ సీసా వల్లా కాదు.

మా అమ్మకి ఇవేవీ తెలియవు.
సార్డీన్ డబ్బా మూత మీద పటిక కాల్చేది,
పేలాల్లా పొంగి తెల్లబడ్డాక నూరి
బడికి పంపేముందు ఆరుగురి చంకల్లోనూ అద్దేది.
గీరుకుపోయిన చోట భగ్గుమనేది. ఏడిస్తే,
"నలుగురూ ముక్కు మూసుకునేకన్నా మంట నయం" అనేది.
పదిహేడు రకాలు అమ్ముతాను నేను.
ఇప్పటికీ వాడేది ఆ పటికే.

డియోస్‌దాదో అతని పేరు. జీప్నీ నడుపుతాడు,
మోకాళ్ల కింద ఇంజను, నెత్తిన రేకు.
ఆదివారం కూతురు రోవెలిన్ నర్సింగు పట్టా పుచ్చుకుంటుంది,
మెడల్ తండ్రే మెడలో వెయ్యాలట.
అద్దెకి తెచ్చాడు బారోంగ్ చొక్కా,
అనాసనారతో నేసింది, అవతలి మనిషి కనపడేంత పల్చన.
మరక పడితే డిపాజిట్ ఇవ్వరు.
లోపల నూలు బనీను వేసుకో అన్నాను,
ఆ పచ్చమరక చెమట ఒక్కదానిదే కాదు,
మందూ చెమటా కలిసి చేసేది.

బుధవారం మళ్లీ వచ్చాడు, సీసా బల్లమీద కొట్టాడు.
ఎప్పుడు రాశావు?
పొద్దున. స్నానం చేసి. బండికి పరిగెడుతూ.
తడి మీద రాస్తే తడితోనే పోతుంది.
చంకలో మందు పెట్టుకుని ఊరంతా తిరిగావన్నమాట!
రాత్రి, ఒళ్లు చల్లబడ్డాక, బాగా తుడుచుకుని
పల్చగా రాయి. పడుకో.
నువ్వు నిద్రపోతుంటే అది పని చేస్తుంది.
పొద్దున కడుక్కున్నా ఏం కాదు.
మంట పుడితే మానెయ్.

సోమవారం రాత్రి చంకలు గుద్దుకుంటూ వచ్చాడు.
మాటవరసకి అనడం లేదు,
చేతులు రెండూ పైకెత్తి చూపించాడు.
వెనకున్న ముసలావిడ కొంగు ముక్కుదాకా తెచ్చి
అక్కడే ఆపేసింది.
డిపాజిట్ పూర్తిగా వచ్చిందట.

ఆ తర్వాత నెమ్మదిగా అట్టలోంచి తీశాడు పట్టా.
సంతకం మీద నీలం బొటనవేలు,
సిరా మబ్బులా అలుక్కుపోయి.
"దాని పేరు పిలిచారు, మనాంగ్.
చంకలు ఎండిన చెక్కలా ఉన్నాయి, ఒట్టు.
అరచేతులే... ఏసీ హాల్లో... ధారలు.
దాచమని నా చేతికిచ్చింది, ఇలా చేశాను."

అది వేడికి పుట్టే చెమట కాదు.
దానికి వాతావరణంతో పనిలేదు.
పేరు పిలిస్తే చాలు.

"దీనికేమైనా ఉందా?"

వెనక్కి తిరిగి పై అరలోకి చూశాను.
అరచేతులకి రాసేది ఒకటి ఉంది,
దుమ్ముపట్టి, మూత తియ్యకుండా.

స్టాకు లేదన్నాను.