కారణం రాయవలసిన చోటు

మోర్కమ్‌లో, చేపల వేపుడు కొట్టు మీది గదిలో
మూడు రోజులుగా ఒక చిన్న పెట్టె కోసం కాచుక్కూర్చున్నాను.
తెర మధ్యలో తేలాలది.
"మీరెక్కడున్నారో చూడనిస్తారా?" అని అడగాలి.
అంతే దాని బతుక్కి పని.

నా బల్ల మీద వస్తుంది, బుద్ధిగా.
కానీ ఈ సిమ్యులేటర్ ఫోను కాపురం ఎప్పుడూ కాలిఫోర్నియాలోనే,
దానికి వాన తెలీదు, పోటు తెలీదు.
మొరీన్ థ్వెయిట్ ఫోనులో మాత్రం రాదు.

డెబ్బై రెండేళ్ల మనిషి.
ఆటు వేళ బయటపడ్డ ఇసుక మీద
నడకకొచ్చిన జనాన్ని దాటించే దళంలో వాలంటీరు.
"నన్నేం అడగలేదు, తల్లీ," అంది సోమవారం.
"ఇంకా అడగలేదు," మంగళవారం.
బుధవారం ఏమీ అనలేదు. బిస్కెట్ల డబ్బా నా వైపు జరిపింది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు.
అడగాల్సినదానికే నోరు పడిపోతే
ఏం చెయ్యాలో సామెత చెప్పదు.

తీసేశాను, మళ్ళీ ఎక్కించాను. ఫోను ఆర్పాను, వెలిగించాను.
అడిగే వస్తువును ఒక ఫంక్షన్ కడుపులో పుట్టించానని,
ఫంక్షన్ ముగియగానే
పెదవి విప్పకుండానే అది పోతోందని
అర్ధరాత్రి తెలిసింది.
దాన్ని బయటికి తెచ్చి బతికించాను.
అయినా మౌనమే.

గడప దాటేవాణ్ణి "ఎక్కడికి" అనకూడదనేది మా నాయనమ్మ.
అంటే పని చెడుతుందట.
"దూరమా?" అనాలట, ఎటో చూస్తూ.
నాలుగో కాఫీ దగ్గర
ఫోనుకీ ఆ పట్టింపుందేమో అనిపించింది.

నాలుగు వేల వరసల లాగ్‌లో ఒక్క వరస,
ఎర్రగా కూడా కాదు, అరవకుండా, ఎవరికో చెబుతున్నట్టు:
ఎందుకో రాయలేదు. కాబట్టి అడగను.

పరీక్షకి ఒక ఫైలు, జనానికి పంపేదానికి మరొకటి.
రెండోదాంట్లో ఆ వాక్యం ఎక్కించడం నేనే మరిచాను.
నా మీద కోపం వచ్చింది, ఆ యంత్రం మీద కొంచెం గౌరవం.
మనుషులు ఇంత కచ్చితంగా ఉండరు.
ఊరికే అడుగుతారు: పెళ్ళయిందా, జీతమెంత, ఇల్లు సొంతమేనా.

ఇక కారణం రాయాలి.
"మెరుగైన అనుభవం కోసం" అని కొట్టాను,
అందరూ రాసేదే. చదివి సిగ్గేసి చెరిపాను.
గోడ మీద పోటు వేళల పట్టిక, మూలలో టీ మరక.
అది చూస్తూ రాశాను:
"పోటు వచ్చేలోపు మిమ్మల్ని వెనక్కి పిలవడానికి."

గురువారం పొద్దున మొరీన్ తడి కోటుతో వచ్చింది.
తాకింది.
వచ్చింది పెట్టె! కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టబోయాను.
ఆవిడ కళ్ళద్దాలు సవరించుకుని, ఆ వాక్యం మెల్లగా చదివి,
"అనుమతించవద్దు" నొక్కింది.

"వెనక్కి అంటే ఎటమ్మా?" అంది.
"పోటు ఎదురుగా రాదు. పాయల్లోంచి చుట్టుకుని
నీ వెనకే ముందు నిండుతుంది.
వెనక్కి పిలిస్తే నీళ్ళలోకి పిలిచినట్టే.
గట్టుకి అని రాయి."

రాశాను. గట్టుకి.
ఒకసారి కాదన్నవాళ్ళని అది మళ్ళీ అడగదు గనక
మొత్తం పీకేసి, మొదట్నుంచీ ఎక్కించేసరికి
ఆవిడ టీ చల్లారింది.
ఈసారి చదవనైనా చదవలేదు,
"వాడుతున్నప్పుడు మాత్రమే" నొక్కి కిటికీ వైపు తిరిగింది.

నీలం చుక్క కాసేపు తడుముకుంది.
తర్వాత కుదురుగా నిలబడింది,
మమ్మల్నిద్దర్నీ, చేపల కొట్టునీ
సముద్రంలో మూడొందల గజాల లోపల పెట్టి.

మొరీన్ చూసింది.
"అడగడమైతే అడిగింది," అంది.